దండ వేసేవారికీ, పెదవి విరిచేవారికీ

సెప్టెంబరు 5న మన వూళ్ళలో ఏం జరుగుతుందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. 1962 నుంచీ ఏటా నడుస్తున్న తంతే. రాధాకృష్ణన్ పటానికో దండ, వేదిక మీది పెద్దలకు తలా ఒక శాలువా, ఎంపికైన ఉపాధ్యాయులకు జ్ఞాపికలు. గురువే బ్రహ్మ అని ఒకరంటారు. కాదు, గురువు కొవ్వొత్తి, తాను కరిగి వెలుగునిస్తాడని మరొకరంటారు. ఈ కొవ్వొత్తి మాట విన్నప్పుడల్లా నాకొక సందేహం. కరిగిపోవడమే కొవ్వొత్తి ఘనత అయితే, కరిగేలోగా అది ఇంకో వత్తిని అంటించిందా లేదా అని ఎవరూ అడగరేం?

గత సంవత్సరం ఒక డిగ్రీ కాలేజీవారు ఈ తంతుకు నన్ను కూడా పిలిచారు. ముప్ఫయ్యొక్క సంవత్సరాలు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి గనుక ఒక శాలువాకు అర్హత వున్నదనుకున్నారు కాబోలు. ఆనాటి ప్రధాన వక్త గంటసేపు మాట్లాడి తేల్చిందేమిటంటే, ఉపాధ్యాయుడు పుట్టవలసిందేగాని తయారు కాడట. పూర్వజన్మ సుకృతమట. సభ చప్పట్లు కొట్టింది. శిక్షణ కళాశాలలు మూసేయవచ్చన్నమాట!

సభ అయిపోయాక ఫైనలియరు చదివే ఒక అమ్మాయి మా దగ్గరకు వచ్చింది. తల్లిదండ్రులు కూలిపని చేస్తారు. "సార్, నేను బి.ఇడి. చేసి టీచరునవుదామనుకుంటున్నాను. ఏడో తరగతిలో మాకొక టీచరుండేది. ఆమెను చూసే ఈ ఆలోచన వచ్చింది. ఇంట్లోవాళ్ళూ, క్లాసువాళ్ళూ నవ్వుతున్నారు. మీరేమంటారు?" అని అడిగింది.

నేను నోరు విప్పేలోగా నా పక్కనున్న యువ లెక్చరరు అందుకున్నాడు. మన శిబిరంవాడే. బాగా చదువుకున్నవాడు. "అది వట్టి సెంటిమెంటమ్మా. బడి అనేది పాలకవర్గ భావాలను పిల్లల బుర్రల్లోకి ఎక్కించే యంత్రం. యంత్రంలో మంచి మర, చెడ్డ మర అని వుంటవా? ముందు వ్యవస్థ మారాలి" అన్నాడు.

"మా టీచరు మర కాదు సార్" అన్నదా అమ్మాయి. అని వెళ్ళిపోయింది.

ఈ వ్యాసం ఆ ఇద్దరికీ, అంటే పటానికి దండవేసే వక్తకూ, పెదవి విరిచే మిత్రుడికీ నా సమాధానం. ఒకరు ఉపాధ్యాయుణ్ణి దేవుణ్ణి చేశారు, ఇంకొకరు మరను చేశారు. ఇద్దరూ కలిసి తీసేసింది మనిషిని. ఒక మనిషి ఇంకో మనిషిని పట్టించుకుంటే ఆ రెండోవాడిలో తానూ మూడోవాణ్ణి పట్టించుకోవాలన్న కోరిక ఎట్లా పుడుతుందన్నది దేవుడికీ అక్కర్లేని ప్రశ్న, మరకూ అక్కర్లేని ప్రశ్న.

ముందు గురుభక్తి సంగతి చూద్దాం. మన పురాణాల్లో దానికి గొప్ప సాక్షిగా చూపించేది ఏకలవ్యుణ్ణి. ద్రోణుడు వేలు కోయించుకున్న అన్యాయాన్ని అభ్యుదయ రచయితలు చాలామంది చెప్పారు. నేను ఒక్క సంగతే కలుపుతాను. ఆ వేలు తెగడంతో ఆగిపోయింది ఒక విలుకాడి బాణం మాత్రమే కాదు. ఏకలవ్యుడు ఆ విద్యను తన వాళ్ళలో ఎంతమందికి నేర్పి వుండేవాడో, ఆ పరంపర అంతా అక్కడ తెగింది. గురువును పూజించి విగ్రహం చేసుకున్న శిష్యుడు గురువు కాలేకపోయాడు. గురుభక్తి అనేదానికి ఈ లక్షణం పుట్టుకతోనే వున్నది. అది పైకి చూస్తుంది, కిందికి చూడదు. పాదాలు పట్టుకున్న చేతులకు ఇంకొకడి చెయ్యి పట్టుకుని అక్షరం దిద్దించే తీరిక వుండదు.

ఇంకో రకం గురువు కూడా వున్నాడు. మాటకారి, ఆకర్షణ గలవాడు, శిష్యుడు నోరు తెరుచుకుని వినేటట్లు చేయగలవాడు. గురజాడ ఆ రకాన్ని గిరీశం రూపంలో 1892లోనే మన ముందు నిలబెట్టాడు. వెంకటేశం ఆ గురువు దగ్గర నేర్చుకున్నది చుట్టకాల్చడం. ఈనాడు వేలమంది కూర్చున్న హాళ్ళలో మైకు పట్టుకుని 'స్ఫూర్తి' పంచే వక్తలను చూసినప్పుడు, గిరీశానికి చావు లేదని అర్థమవుతుంది. వాళ్ళ ఎదుట కూర్చున్న పిల్లవాడి పేరు వాళ్ళకు తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

అయితే పిల్లవాణ్ణి నిజంగా పట్టించుకున్న గురువు ఎట్లా వుంటాడు? వూహించి చెప్పనక్కరలేదు. చరిత్రలో వున్నాడు.

కలకత్తాలో ధర్మతలా అకాడమీ అని ఒక బడి వుండేది. స్కాట్లండు నుంచి వచ్చిన డేవిడ్ డ్రమ్మండ్ దాన్ని నడిపేవాడు. స్వతంత్రంగా ఆలోచించే మనిషి. దొరల పిల్లలూ, యురేషియన్ల పిల్లలూ, ఈ దేశం పిల్లలూ అక్కడ ఒకే బల్లల మీద కూర్చునేవారు. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు. 1809లో పుట్టిన హెన్రీ లూయీ వివియన్ డెరోజియో అనే యురేషియన్ కుర్రవాడు ఆరో యేట అక్కడ చేరి పద్నాలుగో యేటి దాకా చదివాడు. అతని బడిచదువంతా అంతే. తర్వాత కొంతకాలం గుమాస్తా పని, భాగల్పూరులో బంధువుల నీలిమందు తోటల్లో కొంతకాలం. 1826లో, పదిహేడేళ్ళ వయసులో, హిందూ కళాశాలలో ఉపాధ్యాయుడయ్యాడు. అతని శిష్యుల్లో కొందరు అతనికంటే నాలుగయిదేళ్ళే చిన్నవాళ్ళు.

ఈ కుర్ర ఉపాధ్యాయుడు ఏం చేశాడు? పాఠంతోపాటు గంట కొట్టగానే లేచిపోలేదు. తరగతి బయట కూడా పిల్లలతో మాట్లాడాడు. ఇంటికి రానిచ్చాడు. 1828లో అకడమిక్ అసోసియేషన్ అనే చర్చావేదిక పెట్టి వాళ్ళను మాట్లాడించాడు. విధి వున్నదా, విగ్రహారాధన సబబా, దేశభక్తి అంటే ఏమిటి, ఇవీ అక్కడి చర్చలు. గమనించవలసింది అతడు మాట్లాడటం కాదు, వాళ్ళచేత మాట్లాడించడం. దేవుడి వునికి మీద హ్యూమ్ లేవనెత్తిన సందేహాలు వాళ్ళకు వివరించాడు. అంతటితో ఆగితే అతడు కూడా ఒక మతబోధకుడయ్యేవాడు, కాకపోతే తిరగేసిన మతానికి. హ్యూమ్‌కు రీడ్, స్టూవర్ట్ చెప్పిన జవాబులు కూడా వాళ్ళ ముందు పెట్టాడు. తన తీర్పును వాళ్ళ నెత్తిన రుద్దడం తన పని కాదనుకున్నాడు. తన మాటను కూడా ప్రశ్నించగలవాణ్ణి తయారుచేయడమే శ్రద్ధ. ద్రోణుడికీ డెరోజియోకూ తేడా అదే.

దీనికి ప్రతిఫలం వెంటనే దొరికింది. పిల్లలు ఇంట్లో ప్రశ్నలు అడగడం మొదలుపెట్టేసరికి కలకత్తా పెద్దలు భగ్గుమన్నారు. 1831 ఏప్రిల్‌లో కళాశాల నిర్వాహకుల సమావేశం జరిగింది. అక్కడ నడిచిన తమాషా ఈనాటివారు తప్పక తెలుసుకోవాలి. డెరోజియో బోధనకు అయోగ్యుడా అన్న ప్రశ్న మీద అతన్ని దోషిగా నిలబెట్టలేకపోయారు. అప్పుడు ప్రశ్న మార్చారు. పట్నంలో హిందువుల మనోభావాలు ఇట్లా వున్నవి గనుక అతన్ని తీసెయ్యడం సముచితమా కాదా? ఈ ప్రశ్న మీద నెగ్గారు. అతని పట్ల సానుభూతి వున్న విల్సన్, డేవిడ్ హేర్ ఇద్దరూ ఇది స్థానికుల మనోభావాలకు సంబంధించిన విషయమని ఓటు వెయ్యకుండా కూర్చున్నారు. నేరం రుజువు కానక్కరలేదు, మనోభావం దెబ్బతింటే చాలు! దాదాపు రెండు వందల సంవత్సరాలు గడిచినా మనవాళ్ళకు కొత్త సాకు దొరకలేదు. తటస్థంగా కూర్చునే మంచివాళ్ళకూ కరువు రాలేదు.

నువ్వు నాస్తికుడివా, తల్లిదండ్రులకు విధేయంగా వుండనక్కరలేదని చెప్పావా, అన్నాచెల్లెళ్ళ పెళ్ళి తప్పుకాదన్నావా అని విల్సన్ అడిగిన ప్రశ్నలకు డెరోజియో వివరంగా సమాధానం రాశాడు. అప్పటికే పని అయిపోయింది. ఎనిమిది నెలల తర్వాత, డిసెంబరు 26న, కలరాతో చనిపోయాడు. ఇరవై రెండేళ్ళు. బడిలో వున్నది అయిదేళ్ళు.

ఆ అయిదేళ్ళ ఫలితం ఏమిటన్నది ఇక చూడాలి. శిష్యులు రకరకాల దారులు పట్టారు. రసిక కృష్ణ మల్లిక్ కోర్టులో గంగాజలం మీద ప్రమాణం చెయ్యననడంతో పేరుకెక్కినవాడు, తర్వాత డిప్యూటీ కలెక్టరయ్యాడు. రామగోపాల్ ఘోష్ వర్తకుడయ్యాడు. రాధానాథ్ సిక్దార్ సర్వే శాఖలో చేరాడు. ఎవరెస్టు అన్నిటికన్నా ఎత్తయిన శిఖరమని 1852లో లెక్కకట్టినవాడు అతనే. కృష్ణమోహన్ బెనర్జీ క్రైస్తవుడై చాలాకాలం బిషప్ కళాశాలలో బోధించాడు. నాకు మాత్రం వీళ్ళందరికంటే ముఖ్యుడు అంతగా పేరు వినపడని రామతను లాహిరి.

లాహిరి 1813లో పుట్టినవాడు, కృష్ణనగర్ వైపు పల్లెకుటుంబం. చదువుకోసం అన్న వెంట కలకత్తా వచ్చాడు. ఫీజు కట్టే స్తోమతు లేదు. డేవిడ్ హేర్ పెట్టిన బడిలో వుచితంగా సీటు ఇప్పించమని అడగడానికి రోజూ హేర్ పల్లకీ వెంట పరుగెత్తేవాడట. శివనాథ శాస్త్రి బెంగాలీలో రాసిన లాహిరి జీవితచరిత్రలో ఈ కథ వుంది. చివరికి హేర్ కరిగాడు, సీటు దొరికింది. అక్కడినుంచి హిందూ కళాశాల, అక్కడ డెరోజియో.

పల్లకీ వెంట పరుగెత్తిన పిల్లవాడు 1833లో ఆ హిందూ కళాశాలలోనే ఉపాధ్యాయుడయ్యాడు. తర్వాత 1865లో విరమించేదాకా కృష్ణనగర్, బర్ద్వాన్, ఉత్తరపారా, బరిసాల్ అంటూ వూరూరా తిరిగి పాఠాలు చెప్పాడు. తోటివాళ్ళలో కొందరు డిప్యూటీ కలెక్టర్లూ జడ్జీలూ అవుతూవుంటే అతడు బడిపంతులుగానే వుండిపోయాడు. 1851లో జంధ్యం తీసేశాడు. పనివాళ్ళు మానేశారు, బంధువులు వెలివేశారు. బడి మాత్రం మానలేదు.

ఎందుకు? నా అభిప్రాయం ఇది. లాహిరికి జీవితంలో రెండు రకాల శ్రద్ధలు అందినవి. బీదపిల్లవాడికి బల్ల మీద చోటుండాలన్న శ్రద్ధ హేర్‌ది. ఆ చోట కూర్చున్న పిల్లవాడికి సొంత బుర్ర వుండాలన్న శ్రద్ధ డెరోజియోది. మొదటిది లేకపోతే రెండోది అతని దాకా వచ్చేదే కాదు. రెండోది లేకపోతే మొదటిది వట్టి ధర్మం, అన్నదానం లాంటిది. ఈ రెండూ అందుకున్నవాడు వాటిని దాచుకోలేడు. అది కృతజ్ఞత కాదు. కృతజ్ఞత అయితే డెరోజియో సమాధికి పూలు పెట్టి వూరుకునేవాడు.

ఇక్కడ మన లెక్చరరు మిత్రుడు నవ్వుతాడని నాకు తెలుసు. "మాస్టారూ, ఆ హిందూ కళాశాలలో ఎవరికి చోటుండేది? పెద్దకులాల హిందువుల పిల్లలకు. ముస్లిములకు లేదు, అంటరానివారికి లేదు, ఆడపిల్లలకు లేదు. మీ డెరోజియో శిష్యులు ఇంగ్లీషులో తర్కించుకున్నారు, రైతు దాకా పోలేదు" అంటాడు. అక్షరాలా నిజం. ఒక్క మాటకూడా కాదనను. ఆ దీపాలు భద్రలోకుల మేడల్లోనే తిరిగినవి. డెరోజియోను ఆకాశానికెత్తి అక్కడితో పునరుజ్జీవనం అయిపోయిందనేవాళ్ళు కూడా పటానికి దండవేసే బాపతే.

కాని దానికి జవాబు చెప్పింది కూడా ఒక ఉపాధ్యాయుడూ, అతని విద్యార్థినీ. పూనాలో జోతిరావు ఫూలే భార్యకు చదువు చెప్పాడు. ఆమె శిక్షణ పొంది, 1848లో ఆడపిల్లల బడిలో ఉపాధ్యాయిని అయింది. బడికి పోయే దారిలో పేడా బురదా విసిరితే మార్చుకోవడానికి ఇంకో చీర సంచిలో పెట్టుకుపోయిన సావిత్రీబాయి కథ ఇప్పుడు మన పిల్లలకు కూడా తెలుసు. అంతగా తెలియనిది ఇంకొకటి వుంది. ఫూలే దంపతుల బడిలో చదివిన ముక్తా సాళ్వే అనే మాంగు కులపు పిల్ల, పద్నాలుగేళ్ళ వయసులో, తన కులానికి జరుగుతున్న అన్యాయం మీద రాసిన వ్యాసం 1855లో జ్ఞానోదయ పత్రికలో అచ్చయింది. అంటరాని పిల్ల కలం పట్టి బ్రాహ్మణ్యాన్ని నిలదీయడానికి పట్టింది కొద్ది సంవత్సరాల చదువు మాత్రమే.

ఫూలే అంతటితో ఆగలేదు. 1882లో హంటర్ కమిషన్‌కు ఇచ్చిన విజ్ఞప్తిలో ప్రాథమిక ఉపాధ్యాయులు ఎవరై వుండాలో రాశాడు. వీలైనంతవరకూ సేద్యం చేసే కులాలనుంచి రావాలి, ఆ జనంతో కలిసిమెలిసి తిరగగలవారై వుండాలి, నాగలి పట్టడానికి నామోషీ పడకూడదు, శిక్షణ వుండాలి, నెలకు పన్నెండు రూపాయలకు తక్కువ జీతం ఇవ్వకూడదు. చూశారా? శ్రద్ధ గల ఉపాధ్యాయుడు పుట్టుకొస్తాడని ఆయన కనిపెట్టుకు కూర్చోలేదు. ఏ యింట్లోనుంచి రావాలో, ఏం నేర్చుకుని రావాలో, ఎంత జీతం తీసుకోవాలో చెప్పాడు. సెంటిమెంటంటే ఇదేనా?

ఇక మర సిద్ధాంతం. బడి పాలకవర్గం చేతిలో సాధనమన్నది నిజం. అయితే బోధకుడికి కూడా బోధ కావాలని మార్క్స్ 1845లోనే ఫాయర్‌బాఖ్ మీద రాసుకున్న సూత్రాల్లో చెప్పాడని ఈ మిత్రుడికి తెలియదా? పరిస్థితులు మనుషులను మలుస్తవి, ఆ పరిస్థితులను మార్చేది మనుషులే. ముందు వ్యవస్థ మారనీ, తర్వాత పిల్లలను పట్టించుకుందాం అనేవాడు ఆ సూత్రాన్ని సగమే చదివాడన్నమాట.

వ్యవస్థ మారిన చోట ఏం జరిగిందో అది కూడా చూద్దాం. 1920లో, అంతర్యుద్ధం ఇంకా పూర్తిగా చల్లారకముందే, పొల్టావా దగ్గర మకరెంకో అనే ఉపాధ్యాయుడికి బాలనేరస్థుల కాలనీ అప్పగించారు. విప్లవం వచ్చింది గదా అని ఆ పిల్లలు తెల్లవారేసరికి బుద్ధిమంతులు కాలేదు. మకరెంకో కూడా ఓర్పు పట్టలేక ఒక కుర్రవాణ్ణి కొట్టాడు, ఆ సంగతి తన పుస్తకంలో దాచకుండా రాశాడు. (ఉత్తమ ఉపాధ్యాయులమని జ్ఞాపికలు పుచ్చుకున్నవాళ్ళలో ఎంతమంది రాస్తారు?) ఆ కాలనీకి జైలునుంచి వచ్చిన సెమ్యోన్ కలబాలిన్ అనే యువకుణ్ణి ఆయన పుస్తకంలో కరబానోవ్ అన్న పేరుతో చిత్రించాడు. దొంగతనాల చరిత్ర గల ఆ కుర్రవాడి చేతికే డబ్బు తెమ్మని పత్రం ఇచ్చి పంపుతాడు. తెస్తాడు. మళ్ళీ అంతకు ఎన్నో రెట్లు పెద్ద మొత్తానికి పంపుతాడు. నన్ను పరీక్షిస్తున్నావా అని కుర్రవాడు మండిపడతాడు. మకరెంకో వూరికే డబ్బు లెక్కపెట్టకుండా సొరుగులో పడేస్తాడు.

ఆ కుర్రవాడు వ్యవసాయశాస్త్రం చదవడానికి పోయి, కొన్నాళ్ళకు అది వదిలేసి, తానూ పిల్లల మధ్యే పనిచేస్తానని తిరిగివచ్చాడు. దిక్కులేని పిల్లల గృహాలకు డైరెక్టరుగా జీవితం గడిపాడు. అట్లాంటి ఒక చోట మతి స్థిమితం లేని పిల్లవాడొకడు అతని మూడేళ్ళ కొడుకును చంపాడని, అయినా అతడు ఆ పని వదల్లేదని మకరెంకో పుస్తకం చివర రాశాడు. దీన్ని ఏ మరతో పోల్చాలో నాకు తెలియదు. సోవియట్ వ్యవస్థ అతనికి బడి ఇచ్చింది, జీతం ఇచ్చింది. ఆ బడిలో అతన్ని నిలబెట్టింది మాత్రం లెక్కపెట్టకుండా సొరుగులో పడ్డ ఆ డబ్బే.

నా సంగతి కూడా కొంచెం చెప్పుకుంటాను. పెద్దవాళ్ళ పక్కన నిలబడాలని కాదు, ఇది ఎట్లా జరుగుతుందో నాకు లోపలినుంచి తెలిసింది ఒక్కసారే గనుక.

మాది పల్నాడులో మెట్టపల్లె. నేను నాలుగో తరగతిలో వుండగా మిరపకోతలకు బడి మానేశాను. నాతోపాటు ఇంకో ఇద్దరు. మూడో రోజు సాయంత్రం మా పంతులుగారు ఇంటికి వచ్చారు. బడి మాన్పిస్తావా అని మా నాన్నను దబాయించలేదు. నులకమంచం మీద కూర్చుని మంచినీళ్ళు తాగి, "పిల్లాడికి రోజుకెంత ఇస్తున్నారు?" అని అడిగారు. నాన్న చెప్పాడు. పంతులుగారు కాసేపు ఆలోచించి, "అది మానుకోవాలంటే కష్టమే. రాత్రిపూట పంపు" అన్నారు. కోతలు అయ్యేదాకా నెలన్నరపాటు బడి అరుగు మీద లాంతరు పెట్టి మా ముగ్గురికీ పాఠం చెప్పారు. వేళ్ళు మిరపఘాటుకు మండుతూవుంటే పలక పట్టుకోలేకపోయేవాళ్ళం. నోటితో లెక్కలు చేయించారు.

అదంతా జాలి అనుకోవచ్చు. అసలు సంగతి తర్వాత జరిగింది. కోతలయ్యాక బడికి పోతే, ఒంటి ఉపాధ్యాయుడి బడి గదా, ఒకటో తరగతి పిల్లలను నలుగురిని నాకు అప్పగించి, "వీళ్ళకు నువ్వు చెప్పు" అన్నారు. నాకు వచ్చిందే అంతంతమాత్రం. అందులో ఒక పిల్లకు లకీ ళకీ తేడా ఎంత చెప్పినా తెలియలేదు. నాకు కోపం వచ్చింది. పంతులుగారి దగ్గరకు పోయి "దానికి రాదండీ" అన్నాను. ఆయన తలెత్తకుండానే, "నువ్వు ఒకే రకంగా చెపుతున్నావేమో" అన్నారు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. మర్నాడు ఆ పిల్లచేత పలక పక్కనపెట్టించి, మేకల పేర్లూ, కోళ్ళ పేర్లూ, కళ్ళూ వేళ్ళూ అని పలికించి, నాలుక ఎక్కడ తగులుతున్నదో చూసుకోమన్నాను. నాలుగోసారికో అయిదోసారికో ఆ పిల్ల మొహం వెలిగింది. నాకు ఉపాధ్యాయ వృత్తి అంటుకున్నది ఆ క్షణాన. పంతులుగారిని చూసి కాదు, ఆ పిల్లను చూసి.

ఇందులో కిటుకు ఇదీ. మంచి గురువు తనను చూడమనడు. తాను చూస్తున్న వైపు చూడమంటాడు. డెరోజియో వాళ్ళచేత సభలు నడిపించాడు. మకరెంకో డబ్బు తెమ్మన్నాడు. మా పంతులు నలుగురు పిల్లలను అప్పగించాడు. పని ఇవ్వకుండా ప్రేమ మాత్రం ఇచ్చే గురువు దగ్గర భక్తులే తయారవుతారు.

ఇంతకూ ఆ అమ్మాయి వూళ్ళో, క్లాసులో జనం నవ్వడానికి కారణం వుంది. అది మనం దాటెయ్యకూడదు. 1980లలో మన రాష్ట్రంలో స్పెషల్ టీచర్లను నెలకు 398 రూపాయలకు పెట్టుకున్నారు. ఆ అంకె ఒక తరం ఉపాధ్యాయులకు ఇంటిపేరులాగా మిగిలిపోయింది. తర్వాత అప్రెంటిస్‌లు, ఆ తర్వాత విద్యా వాలంటీర్లు. పేరు మారుతూ వచ్చింది, సంవత్సరం చివర ఇంటికి పంపడం మారలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డి.ఎస్.సి. తర్వాత మళ్ళీ నియామకాలు జరిగింది 2025లో, 16,347 పోస్టులకు. తెలంగాణలో 2017 తర్వాత 2024లో, 11,062 పోస్టులకు. ఈ మధ్య ఏళ్ళలో బి.ఇడి. పూర్తిచేసినవాళ్ళు ఏం చేశారు? కోచింగ్ సెంటర్లలో కూర్చున్నారు, ప్రైవేటు బళ్ళలో తాపీమేస్త్రీ కూలి కన్నా తక్కువకు పనిచేశారు, ఆటోలు నడిపారు. ముప్ఫైమంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడుండాలని 2009 విద్యాహక్కు చట్టం ప్రాథమిక బడికి నిర్దేశించింది. పిల్లలు తగ్గారని చెప్పి అయిదు తరగతులకూ ఒక్కరినే మిగిల్చిన బడిలో ఆ నిష్పత్తి కాగితం మీద సరిపోతుంది. ఆ ఒక్కరు ఏ పిల్లవాడి ఇంటికి పోయి నులకమంచం మీద కూర్చోగలరు?

సెప్టెంబరు 5 వక్తల మీద నా అసలు కోపం ఇక్కడ. ఉపాధ్యాయుడు దేవుడంటే జీతం అడగకూడదని అర్థం. పుడతాడేగాని తయారు కాడంటే తయారుచేసే ఖర్చు సర్కారుకు తప్పిందని అర్థం. కొవ్వొత్తి అంటే కరగమని అర్థం. పొగడ్త ఎంత పెద్దదయితే బాకీ అంత తేలిగ్గా ఎగ్గొట్టవచ్చు. మర సిద్ధాంతం చెప్పే మిత్రుడు ఈ ఎగవేతకు తెలియకుండానే తోడ్పడుతున్నాడు. మర అయినప్పుడు రెగ్యులర్ మర అయితేనేం, కాంట్రాక్టు మర అయితేనేం? ఇంకా చౌకగా దొరికితే సెల్‌ఫోనులో వీడియో అయితేనేం? పిల్లవాణ్ణి పేరుపెట్టి పిలిచే మనిషి బడిలో వుండాలని వాదించనివాడు, ఆ మనిషి పోస్టు కోసం మాత్రం ఏ బలంతో వాదిస్తాడు? మన ఉపాధ్యాయ సంఘాలు డి.ఏ. బకాయిల గురించి అడిగినంత గట్టిగా ఈ సంగతి అడిగితే, ప్రజలు మనవెంట నిలబడేవారని నా నమ్మకం. ఈ మాటకు కొందరు మిత్రులు నా మీద అలిగినా సరే.

ఆ అమ్మాయిని నేను వెతుక్కుంటూ పోవలసి వచ్చింది. పది రోజుల తర్వాత వాళ్ళ కాలనీకి వెళ్ళాను. సాయంత్రం ఆరున్నరకు కమ్యూనిటీ హాలు మెట్లమీద పదకొండుమంది పిల్లలను కూర్చోబెట్టుకుని వున్నది. వీధిదీపం వెలుగు. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. పాఠం అయ్యేదాకా ఆఖరిమెట్టు మీద కూర్చున్నాను. ఒక పిల్లవాడు భాగహారంలో సున్నా ఎక్కడ పెట్టాలో తెలియక ఏడుపు మొహం పెట్టాడు. "ఇంకో రకంగా చూద్దాం" అని ఆమె చింతగింజలు తీసింది.

తర్వాత నా సమాధానం చెప్పాను. పైన రాసినదంతా చెప్పలేదు. జీతాల సంగతీ, డి.ఎస్.సి.ల సంగతీ దాచకుండా చెప్పాను, బి.ఇడి. చెయ్యమని కూడా చెప్పాను. ఆమె శ్రద్ధగా విని, నన్ను ఇంకేమీ అడగలేదు. వెళ్ళబోతూంటే మాత్రం, "సార్, మూడో తరగతి లెక్కల పుస్తకాలు రెండు తక్కువ పడుతున్నయి. మీకు తెలిసినవాళ్ళ దగ్గర పాతవి వుంటే చూడండి" అన్నది. ఒకటి దొరికింది. ఇంకోదాని కోసం మన లెక్చరరు మిత్రుణ్ణి అడిగాను.